పిల్లల డిసెంబరు సెలవులు: ఇంట్లో ఎవరి మీద పడుతున్నాయి?

పెన్నాతీరం (కడప)
అందరికీ నమస్కారం. మా అమ్మాయి రెండో తరగతి. చదివేది మిషనరీ బడి కనుక క్రిస్మస్‌కు ముందూ వెనుకా కలిపి వారం దాకా సెలవులు వస్తాయి. నాలుగేళ్ల మా అబ్బాయి వెళ్లే బడిలో మాత్రం పండుగ ఒక్క రోజే సెలవు. అక్క ఇంట్లో ఉండగా తాను మాత్రం బడికి ఎందుకు పోవాలని వాడు పొద్దున్నే గడప దగ్గర కూలబడి ఏడుస్తాడు. మేమిద్దరం ఉద్యోగస్థులం, మా ఆయనకు డిసెంబరు చివర లెక్కలు చూసుకునే కాలం కాబట్టి సెలవు దొరకదు. ఇంట్లో మా అత్తగారు ఉన్నారు గానీ ఆమెకు మోకాళ్ల నొప్పులు. సాయంత్రం నేను వచ్చేసరికి ఒక గదిలో టీవీ, ఇంకో గదిలో ఫోను మోగుతూ ఉంటాయి. చిన్న పిల్లలున్నవారు ఈ రోజులను ఎలా గడుపుతున్నారో, ఒక రోజు బయటికి తీసుకుపోవాలంటే ఎక్కడికి పోవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
ఈ తేడా మీ రెండు బడుల మధ్య ఏదో పొరపాటు వల్ల వచ్చింది కాదు, రాష్ట్ర విద్యా క్యాలెండరులోనే ఉంది. క్రైస్తవ మైనారిటీ విద్యాసంస్థలకు దసరా సెలవులు తగ్గించి క్రిస్మస్‌కు ఎక్కువ ఇస్తారు. మిగిలిన బడులకు దసరా ఎక్కువ, సంక్రాంతి అందరికీ ఉంటుంది. అంటే మీ ఇంట్లో ఈ చిక్కు దసరాకు ఒకసారి తలకిందులుగా వచ్చి పోయే ఉంటుంది. కొత్త క్యాలెండరు వచ్చిననాడే రెండు బడుల తేదీలనూ ఒకే కాగితం మీద రాసి, తేడా పడే రోజులకు భార్యాభర్తలు చెరొక పూట సెలవు పంచుకోవడం మా ఇంట్లో అలవాటు. నాలుగేళ్లవాడు వారం రోజులు బడికి పోకపోతే చదువుకు వచ్చే నష్టమేమీ లేదు, వాడి టీచరుకు ముందుగా ఒక మాట చెబితే సరిపోతుంది.

ప్రొద్దుటూరు జేజి
అమ్మా, ఇక్కడ రాసేవారంతా పిల్లల తల్లిదండ్రులే కనుక నా వైపు మాట కూడా ఒకటి ఉండాలని రాస్తున్నాను. సెలవులు వస్తే కొడుకులు, కోడళ్లు "అత్త ఉంది కదా", "అమ్మ చూసుకుంటుంది" అనుకొని పొద్దున ఎనిమిదిన్నరకు తలుపు వేసి పోతారు. ఆ తలుపు వెనుక ఏం జరుగుతుందో చెబుతాను. తొమ్మిదికి చిన్నవాడికి రెండోసారి ఆకలి, పదికి ఇద్దరికీ ఒకే బొమ్మ కోసం కొట్లాట, పదకొండుకు ఒకడు మేడ మెట్ల మీద, ఒకతె వీధి వాకిలి దగ్గర. నేను ఎవరి వెనుక పరుగెత్తాలి? అందుకే ఫోను చేతికిస్తాను. అది గారాబం కాదు, చేతగానితనమూ కాదు, పిల్లవాడిని కళ్లెదుట కదలకుండా కూర్చోబెట్టే వేరే ఉపాయం నాకు లేదు.

మా కోడలు పోయినేడు నన్నే కూర్చోబెట్టి అడిగింది, "అత్తా, నీవు ఎంతవరకు చూడగలవు?" అని. మధ్యాహ్నం భోజనం దాకా చూస్తాను, ఆ తరువాత నేను నడుం వాల్చాలి, మెట్లెక్కలేను, స్నానాలు చేయించలేను అని చెప్పాను. దాన్నిబట్టి వాళ్లు ఏర్పాటు చేసుకున్నారు. స్నానాలు పొద్దునే అయిపోతాయి, మేడ తలుపుకు తాళం పడుతుంది, మధ్యాహ్నం మూడు గంటలకు ఎదురింటి డిగ్రీ చదివే అమ్మాయి వచ్చి సాయంత్రం దాకా ఆడిస్తుంది, ఆమెకు ఇంత అని డబ్బు ఇస్తారు. పెన్నాతీరం గారూ, మీ అత్తగారిని అడిగారా? అడగకుండా వేసుకున్న ఏ ప్రణాళికా నిలవదు.

పెన్నాతీరం (కడప)
అడగలేదమ్మా. ఈ రాత్రే అడుగుతాను.

బుడ్డల చేను (అనంతపురం)
మాకు పట్టణంలో ఇల్లు, కళ్యాణదుర్గం వైపు ఊళ్లో అమ్మానాన్నలు. సెలవుల్లో పిల్లలను ఊరికి పంపడం గురించి చాలామంది ఊరి గాలి, ఊరి నీళ్లు అని పాట పాడతారు గానీ, ఊళ్లోనూ పిల్లలకు చేతిలో పని లేకపోతే రెండో రోజుకే ఫోను అడుగుతారు. డిసెంబరులో మా వైపు కలిసివచ్చేది అనపకాయ. సంతలో గోనెలతో దిగుతుంది, మంచు బాగా పడితే ఆ కాయకు జిడ్డూ వాసనా ఎక్కువ, వాసన ఉన్న కాయనే ఏరుకుంటారు. సాయంత్రం చాప పరిచి కాయలు పోస్తే పెద్దవాళ్లు వలుస్తారు, గింజలను రాత్రి నీళ్లలో నానబెడతారు. తెల్లవారి అసలు పని పిల్లలది. నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి ఒక్క నొక్కు నొక్కితే తొక్క చేతిలో మిగిలి పప్పు జారి గిన్నెలో పడుతుంది, గురి తప్పితే ఎదురుగా కూర్చున్న తాత మీసాల్లో పడుతుంది. మా మూడేళ్లది తాత మీసాలకే గురి పెడుతుంది, అది వేరే సంగతి. ఆ పప్పుతో పులుసు చేసి రాగి సంగటిలోకి పెడితే, మామూలుగా సంగటి ముద్ద చూసి మొహం తిప్పుకునే పిల్లలు తాము పితికిన పప్పని అడిగి వేయించుకుంటారు. గంటన్నర పాటు ఎవరికీ ఫోను గుర్తుకు రాదు. ఒక జాగ్రత్త చెప్పాలి: ఆ వయసు పిల్లలు గింజను ముక్కులోనో నోట్లోనో పెట్టుకుంటారు, పెద్దవాళ్లు ఒకరు పక్కనే కూర్చుని ఉండాలి. వేయించిన బుడ్డలు (వేరుశనగ గింజలు) కూడా చిన్నవాళ్లకు గుప్పెట్లో పోయకూడదు, గొంతుకు అడ్డం పడతాయి.

మీ అత్తగారు కూర్చున్నచోటు నుంచి లేవకుండా చేయించగలిగిన పని ఇది.

నంద్యాల రోడ్డు (కర్నూలు)
మాది క్రైస్తవ కుటుంబం, మా పిల్లల డిసెంబరు వేరుగా ఉంటుంది. మొదటి వారంలో మేడ మీద నక్షత్రం కట్టిన నాటి నుంచే పిల్లలకు నిద్ర తక్కువ. క్యారల్స్ బృందం రాత్రి ఏ వేళకు వస్తుందో తెలియదు, వచ్చినప్పుడు లేపకపోతే మరునాడంతా అలుగుతారు. మేము రెండు పనులు నియమంగా పెట్టుకున్నాం. మా ఇంటికి తొందరగా రమ్మని బృందంలో పెద్దవారిని ముందే అడుగుతాం, అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లను మొదట ముగించడం వారికీ కష్టం కాదు. రెండోది, ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం పిల్లలను తప్పనిసరిగా పడుకోబెడతాం, అప్పుడే అర్ధరాత్రి ఆరాధనలో ఒళ్లో ఊగుతూనైనా మెలకువగా ఉంటారు. కర్జికాయల్లో పూర్ణం పెట్టే పని పెద్దదానికిస్తాం, పక్కిళ్లకు పళ్లాలు మోసే పని ఇద్దరిదీ. సంక్రాంతికి అవే పళ్లాల్లో వాళ్లింటి నుంచి అత్తిరసాలు, నిప్పట్లు తిరిగి వస్తాయి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
బయటికి పోయే విషయం ఎవరూ ముట్టలేదు. బేలం గుహలు మీకు దగ్గరే, పిల్లలకు బాగా నచ్చుతాయి.

బుడ్డల చేను (అనంతపురం)
నాలుగేళ్లవాడితో బేలం వద్దని నేను అంటాను. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలో చూడనిచ్చేది సుమారు కిలోమీటరున్నర, అయినా బయట ఎంత చల్లగా ఉన్నా లోపల ఉక్కపోస్తుంది, కొన్నిచోట్ల వంగి నడవాలి. సగం దూరం పోయాక పిల్లవాడు ఎత్తుకోమంటే, ఎత్తుకున్నవాడు వంగలేడు. ఏడేళ్లమ్మాయిని ఒక్కదాన్నే తీసుకుపోయేటట్లయితే అంతకు మించినది లేదు, గుహ అడుగున నీటి పాయ ఉండే పాతాళగంగ దాకా పోయి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారు మాత్రం పైనే కూర్చోవలసి వస్తుంది.

గండికోట విషయంలో నాకు పెద్ద పేచీయే ఉంది. పెన్నా లోయ అంచున కంచె లేదు, ఫొటో కోసం అందరూ ఆ అంచుకే పోతారు, పరుగెత్తే వయసు పిల్లవాడిని అక్కడ చేయి వదలకుండా పట్టుకొని ఉండడం తప్ప చూసేదేమీ ఉండదు. పోయితీరాలంటే కోట లోపలే మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూపించి తిరిగి రండి.

మూడు తరాలవారూ కలిసి పోదగినది నా లెక్కన కదిరి అవతలి తిమ్మమ్మ మర్రిమాను. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన చెట్టు, ఊడలే మానులై దాదాపు అయిదెకరాల్లో పరుచుకుంది. ఎక్కేదీ దిగేదీ లేదు. పిల్లలు ఊడల మధ్య దాగుడుమూతలు ఆడుకుంటారు, పెద్దవారు నీడలో కూర్చుంటారు.

ప్రొద్దుటూరు జేజి
అంతదూరం అక్కరలేదనుకుంటే ఒంటిమిట్ట ఉంది, కడప నుంచి గంట కూడా పట్టదు. కోదండరాముని గుడి మంటపంలో 32 స్తంభాలు. లెక్కపెట్టమంటే పిల్లలు ఒక్కొక్కసారికి ఒక్కొక్క లెక్క చెబుతారు. ధనుర్మాసం కదా, పొద్దున్నే పోతే ఎండ ముదరకముందే ఇంటికి చేరవచ్చు.

తెల్లకోటు కాదు నర్సును (కడప)
ప్రయాణాల మాట వచ్చింది కనుక ఒక్క విషయం. ఈ నెలలో తెల్లవారుజామున బయలుదేరిన పిల్లలకు జలుబు, దగ్గు మామూలే. పోయినసారి మిగిలిన దగ్గు మందు సీసా సంచిలో వేసుకుపోవడం మాత్రం మానండి. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదనీ, అయిదేళ్ల లోపు వారికి సాధారణంగా అవి తగవనీ 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ అన్ని రాష్ట్రాలకూ తెలియజేసింది. గోరువెచ్చని నీళ్లు తరచుగా తాగించడం, తల చెవులు కప్పడం చాలు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు నీళ్లు మానేసినా ఊరికి పోయే పని ఆపి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

పెన్నాతీరం (కడప)
అందరికీ కృతజ్ఞతలు. అత్తగారిని అడిగాను. మధ్యాహ్నం రెండు వరకు చూడగలనన్నారు, ఆ తరువాతి పూటకు మా ఆయనా నేనూ వంతులు వేసుకున్నాం. మర్రిమానుకు తానూ వస్తానన్నారు. మాకు కారు లేదు, బస్సులో పోతే ఖర్చూ తిప్పలూ ఎలా ఉంటాయి?

నంద్యాల రోడ్డు (కర్నూలు)
పులివెందుల మీదుగా కదిరికి పోండి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకూ, అత్తగారికీ, అమ్మాయికీ టికెట్టు ఉచితం, సూపర్ లగ్జరీల్లో వర్తించదు. గుర్తింపు కోసం ముగ్గురి ఆధార్ కార్డులూ వెంట ఉంచుకోండి, అమ్మాయిది మరిచిపోయేవారే ఎక్కువ. అబ్బాయికి అయిదేళ్లు నిండలేదు కనుక టికెట్టు అక్కరలేదు. డబ్బు పెట్టవలసింది మీవారికి ఒక్కరికే. రద్దీ మాత్రం తప్పదు, కాబట్టి పెద్దావిడకు సీటు దొరకాలంటే దారిలో కాకుండా బస్టాండులోనే ఎక్కండి. తిరుగు ప్రయాణానికి చీకటి పడకముందే కదిరి చేరుకోండి. చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకుపోతే చెట్టు కింద పూట గడిచిపోతుంది.