హాస్య యాత్రా పుస్తకం ఆడియోలో: రచయితే చదవాలా, ఆర్టిస్టు చదవాలా?

పెదవాల్తేరు
మా బాబాయి రైల్వేలో చేసి రిటైరయ్యారు. తిరిగిన ఊళ్ల మీద నవ్వొచ్చేలా ఒక పుస్తకం రాశారు. మూడొందల కాపీలు వేస్తే రెండొందలు చుట్టాలకే పోయాయి. ఇప్పుడు ఆడియోగా తెద్దామని మా ఆలోచన. తమ్ముడేమో డబ్బులిచ్చి మంచి గొంతున్నవాళ్ల చేత చదివిద్దాం అంటాడు. నేను బాబాయే చదవాలంటాను. ఇంట్లో తెగడం లేదు.

ఒక ముక్క పెడుతున్నా, కిరండూల్ పాసింజర్‌లో అరకు ప్రయాణం:
"బొడ్డవర దాటాక డబ్బా తీశాను. నాలుగు ముక్కలు మాడుగుల హల్వా. పక్కన మా ఆవిడ కునుకు తీస్తోంది. సొరంగం వచ్చింది. వెలుతురొచ్చేసరికి మూడు ముక్కలు. ఎదురుసీటాయన కిటికీలోంచి ప్రకృతి చూస్తున్నాడు. ఈ లైన్లో 58 సొరంగాలున్నాయని గుర్తొచ్చి మూత పెట్టేశాను."

మైకుముందు
ఈ పని చేసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, తమ్ముడి మాటే సరి. గంట ఆడియో కావాలంటే రెండు మూడు గంటలు చదవాలి. అదీ ఫ్యాన్ ఆపి, వైజాగ్ ఉక్కలో! అలవాటు లేనివాళ్లకి గంటకే గొంతు జీరబోతుంది. 'ప', 'భ' వచ్చినప్పుడల్లా మైకులో ఠప్‌మని గాలి కొడుతుంది. అన్నిటికన్నా పెద్ద తంటా, రచయితలు వాళ్ల జోకుకి వాళ్లే ముందు నవ్వేస్తారు. ఇక వినేవాడు నవ్వడానికేం మిగులుతుంది?

కంచరపాలెం
మైకుముందు గారూ, మీ గాలి గోల మైకుకి అడ్డం గుడ్డ కడితే పోతుంది. యాస పోతే ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆమధ్య మన వైపు కథ ఒకటి ఆడియోలో విన్నాను. "ఏటి బాబూ, సీటు మీ తాతగాని రాసిచ్చినాడేటి?" అని అచ్చులో ఉంది. చదివినాయన "ఏమిటి బాబూ, మీ తాతగారేమైనా రాసిచ్చారా?" అన్నాడు. తగువాడే మనిషి కాస్తా పెళ్లివారిని పలకరిస్తున్నట్టయిపోయాడు. గొంతు మాత్రం బంగారమే, కాదనను.

మైకుముందు
అది చదివినాయన తప్పు, పద్ధతి తప్పు కాదు. ఉత్తరాంధ్ర ఆర్టిస్టుని పెట్టుకోండి. అయినా రచయితే చదవాలంటే, 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి ఆ యాత్రంతా పుస్తకంగా రాసిన ఏనుగుల వీరాస్వామి గారిని మైకు ముందుకి ఎవరు పిలుచుకొస్తారు?

కంచరపాలెం
ఆయన రాలేరు సరే. బాబాయి గారు పెదవాల్తేరులోనే ఉన్నారు కదా!

గాజువాక బస్సు
రోజూ బస్సులో ఆడియో పుస్తకాలు వింటాను, 1.25 స్పీడులో. నా లెక్కలో యాస రెండో సంగతి. పై ముక్కలో జోకంతా 'సొరంగం వచ్చింది' తర్వాత ఉంది. అక్కడ చదివేవాడు నోరు మూసుకోవాలి. రెండు సెకన్లు, మూడు సెకన్లు, చీకటి వినబడాలి. ఎంత మూసుకోవాలో ఆ రైల్లో కూర్చున్నవాడికే తెలుస్తుంది. కాబట్టి నా ఓటు బాబాయికే. కాకపోతే ఎడిటింగులో ఖాళీలు వాటంతటవే కత్తిరించే బటన్ ఒకటుంటుంది, అది నొక్కితే సొరంగం కాస్తా గుమ్మం అయిపోతుంది. వినే యాప్‌లో కూడా అలాంటిదే ఉంటే ఆపుకోమని మొదట్లోనే చెప్పించండి.

మైకుముందు
ఆ బటన్ సంగతి ఒప్పుకుంటా. పెదవాల్తేరు గారూ, ఇలా చేయండి. ఈ ఒక్క అధ్యాయం ఇద్దరి చేతా చదివించి, పుస్తకం చదవనివాళ్లకి వినిపించండి. చుట్టాలకి వద్దు, వాళ్లు బాబాయి దగ్గినా బాగుందంటారు. ఇంకొకటి, ఆయన్ని పుస్తకం చూసి చదవనివ్వకండి. కాగితం చూడగానే అందరూ వార్తలు చదివినట్టు చదువుతారు. ఎదురుగా ఎవరినైనా కూర్చోబెట్టి చెప్పమనండి.

పెదవాల్తేరు
నిన్న ఆదివారం చేశాం. పడగ్గదిలో తలుపు కిటికీలకి దుప్పట్లు కట్టి, ఫ్యాన్ ఆపి, ఎదురుగా పిన్నిని కూర్చోబెట్టాం. మైకుముందు గారు చెప్పినట్టే సొరంగం దగ్గర బాబాయి ముందే నవ్వేశారు. మూడుసార్లు. నాలుగోసారి గట్టిగా నిలబడ్డారు. "సొరంగం వచ్చింది" అని ఆగారు. చక్కగా ఆగారు. ఆ నిశ్శబ్దంలో పిన్ని, "ఆయన్నేం అనకండి, ఆ ముక్క తిన్నది నేనే" అంది.

బాబాయి మొహం చూడాలి! ముప్పై ఏళ్లుగా ఎదురుసీటాయన్ని తిడుతున్నారు. అదంతా రికార్డయింది. ఉంచాలా, తీసేయాలా?

కంచరపాలెం
దాని మీద చెయ్యేస్తే ఊరుకోం.

మైకుముందు
ఉంచండి. పిన్నిగారి గొంతు బాగా పలికిందా?