చలికి ఉక్కు పెళుసెక్కడానికి కారణం గాటా, దెబ్బ వేగమా?

మెటలర్జీ తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. కాలేజీ ల్యాబ్‌లో మైల్డ్ స్టీల్ మీద చార్పీ టెస్టు (గాటు పెట్టిన ముక్కను లోలకం సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చూసే పరీక్ష) చేశాం. గది ఉష్ణోగ్రతలో కొట్టిన ముక్క వంగి, పీచులుపీచులుగా చిరిగింది. డ్రై ఐస్, ఆల్కహాల్ కలిపిన తొట్టిలోంచి తీసి కొట్టింది మాత్రం టక్కున రెండైంది. విరిగిన ముఖం చదునుగా, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. అదే తొట్టిలో పెట్టిన అల్యూమినియం మాత్రం పెళుసెక్కలేదు.

చలికి బీసీసీ (ఘనం మూలల్లో, నడిమధ్యలో పరమాణువులుండే అమరిక) ఇనుములో డిస్‌లొకేషన్లు, అంటే కదిలి లోహాన్ని సాగనిచ్చే పరమాణు వరసల లోపాలు, కదలడం కష్టమని, అల్యూమినియం లాంటి ఎఫ్‌సీసీ (ఘనం మూలల్లో, ముఖాల మధ్యలో పరమాణువులుండే అమరిక) లోహాలకు ఆ బాధ అంతగా లేదని చదివాను. అక్కడిదాకా ఓకే. కానీ గాటు లేని అదే ఉక్కును మైనస్ 20 దగ్గర నెమ్మదిగా లాగితే బాగానే సాగుతుంది! పోనీ వేగమే కారణమా అంటే, 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో షెనెక్టడీ అనే ట్యాంకర్ ఓడ కదలకుండా ఉండగానే రెండుగా విరిగింది. దాన్నెవరూ సుత్తితో కొట్టలేదు కదా. మరి వెల్డింగ్ లోపమే అక్కడ గాటులా పనిచేసిందా?

ఇంకోటి. ఐఎస్ 2062 (నిర్మాణాల ఉక్కుకు భారత ప్రమాణం) ప్రకారం సి గ్రేడ్ ఈ250 ఉక్కు మైనస్ 20 దగ్గర చార్పీ దెబ్బకు కనీసం 27 జౌళ్ల శక్తిని పీల్చుకోవాలి. కోల్డ్ స్టోరేజీ ఫ్రేముకు ఆ అంకె ఒక్కటీ చాలా, ప్లేటు మందం కూడా చూసుకోవాలా?