టైటాన్ సరస్సులు రాడార్‌కు నల్లగా కనిపిస్తే, వాటి లోతు ఎలా తెలిసింది?

ప్రశ్న

శని గ్రహపు ఉపగ్రహమైన టైటాన్ ఉత్తర ధ్రువం దగ్గర ద్రవ మీథేన్ సరస్సులు ఉన్నాయని, వాటిలో లైజియా మారే అనే సముద్రం 160 మీటర్ల వరకు లోతు ఉంటుందని కాసిని వ్యోమనౌక రాడార్ ద్వారా తెలిసిందని చదివాను. నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను. ఆ సరస్సులు నల్లగా కనిపించే రాడార్ చిత్రాన్ని తరగతిలో చూపినప్పుడు ఒక అమ్మాయి లేచి, "నలుపు అంటే తరంగం తిరిగి రాలేదని కదండీ, తిరిగి రానిదానితో లోతు ఎలా కొలిచారు?" అని అడిగింది. నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. అసలు అక్కడున్నది ద్రవమేనని, నున్నగా గడ్డకట్టిన మైదానం కాదని ఎలా తేల్చారో కూడా తెలిసినవారు వివరించగలరా?

మొదటి జవాబు

నలుపు ఒక్కటే సాక్ష్యమైతే మీ అనుమానం న్యాయమైనదే. నేను కొన్నేళ్లపాటు వరదల సమయంలో ఉపగ్రహ రాడార్ చిత్రాల నుంచి ముంపు పటాలు తయారుచేసే పనిలో ఉన్నాను. గోదావరి ఎంత నల్లగా కనిపిస్తుందో, విమానాశ్రయపు రన్‌వే కూడా అంతే నల్లగా కనిపిస్తుంది. రాడార్ ఏటవాలుగా చూస్తున్నప్పుడు నున్నని తలం ఏదైనా తరంగాన్ని అద్దంలా అవతలికి పంపేస్తుంది కాబట్టి, ఆ నలుపు నున్నదనాన్ని చెబుతుందే తప్ప పదార్థమేమిటో చెప్పదు. పని నేర్చుకునే రోజుల్లో ఒక రన్‌వేను నేనే నీరుగా గుర్తించాను. పక్కనున్న పాత చిత్రంతో పోల్చిన తర్వాతే ఆ తప్పు బయటపడింది.

టైటాన్ విషయంలో అనేక ఆధారాలు ఒకచోట కలిశాయి. 2006 జులై 22న కాసిని ఉత్తర ధ్రువ ప్రాంతాన్ని చిత్రించినప్పుడు 75కు పైగా నల్లని మచ్చలు కనిపించాయి. వాటి అంచులు తీరరేఖల్లా వంకరలు తిరిగి ఉన్నాయి, కొన్నింటిలోకి కాలువల వంటివి వచ్చి కలుస్తున్నాయి. అదే యాంటెన్నాను తరంగాలు పంపకుండా వినడానికి మాత్రమే వాడినప్పుడు, ఆ మచ్చల నుంచి వచ్చిన సహజ వికిరణం తక్కువ డైఎలక్ట్రిక్ స్థిరాంకమున్న (అంటే విద్యుత్ క్షేత్రానికి తక్కువగా స్పందించే) ద్రవ హైడ్రోకార్బన్లకు, అంటే మీథేన్ వంటి కార్బన్, హైడ్రోజన్ సమ్మేళనాలకు, సరిపోయింది. సున్నాకు 179 డిగ్రీలు దిగువన ఉండే ఆ నేల మీద, భూమికన్నా ఒకటిన్నర రెట్లుండే వాయుపీడనంలో, మీథేన్ ద్రవంగా నిలవగలదన్నది అప్పటికే తెలిసిన సంగతి.

రెండవ జవాబు

లోతు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఈ కథలో నన్ను బాగా ఆకట్టుకున్న భాగం అదే. తరంగం తిరిగి రాకపోవడం ఏటవాలుగా చూసినప్పటి మాట. అదే రాడార్‌ను నిట్టనిలువుగా కిందికి తిప్పితే ఆ నున్నని తలమే తరంగాన్ని నేరుగా వెనక్కి కొడుతుంది. 2008 డిసెంబరులో దక్షిణాన ఉన్న ఒంటారియో లేకస్ అనే సరస్సు మీద ఇలా చూసినప్పుడు ప్రతిధ్వని రిసీవర్ తట్టుకోలేనంత బలంగా వచ్చింది. దాన్నిబట్టి వంద మీటర్ల వెడల్పున్న తలంలో ఎత్తుపల్లాల తేడా 3 మిల్లీమీటర్లకు మించదని లెక్కగట్టారు. అంత నున్నగా ఉండే గట్టి నేలను ఊహించడం కష్టం.

2013 మే 23న లైజియా మారే మీదుగా వెళ్తూ నిలువుగా చూసినప్పుడు ఒకటి కాదు, రెండు ప్రతిధ్వనులు వచ్చాయి. మొదటిది ద్రవపు పైతలం నుంచి, రెండవది అడుగు నుంచి. రెండింటి మధ్య కాలవ్యవధి నుంచే లోతు తెలుస్తుంది. ద్రవ మీథేన్‌లో కాంతివేగం శూన్యంలో కన్నా తగ్గి దాదాపు నాలుగింట మూడు వంతులే ఉంటుందనుకుంటే, 160 మీటర్లు దిగి మళ్లీ పైకి రావడానికి సుమారు 1.4 మైక్రోసెకన్లు పడుతుంది. మీ విద్యార్థిని చేత ఈ లెక్క బోర్డు మీద చేయించండి.

ఇది నీటితో అసలు సాధ్యం కాదు. నీటి అణువుకు ధ్రువణత (ఒక కొసన ధనావేశం, మరో కొసన రుణావేశం) ఉండటం వల్ల కాసిని వాడిన 2.2 సెంటీమీటర్ల తరంగం నీటిలో కొన్ని మిల్లీమీటర్లలోనే శోషణకు గురై చాలావరకు అంతరిస్తుంది. ధ్రువణత లేని మీథేన్ ఆ తరంగానికి పారదర్శకం. పైగా లోతు పెరిగేకొద్దీ అడుగు ప్రతిధ్వని ఎంత బలహీనపడుతుందో చూసి ద్రవపు స్వభావాన్నీ అంచనా వేయవచ్చు. మీథేన్ లాంటి మరో హైడ్రోకార్బన్ అయిన ఈథేన్ ఎక్కువ శోషిస్తుంది, మీథేన్ తక్కువ. లైజియాలో శోషణ చాలా తక్కువగా ఉండటంతో అక్కడ ప్రధానంగా ఉన్నది మీథేనేనని తేలింది.

అడిగినవారి మాట

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఏటవాలు చూపు, నిలువు చూపు అనే తేడాను నేను పట్టుకోలేకపోయాను. ఒక పెద్ద అద్దం, టార్చి తీసుకెళ్తే ఈ విషయం తరగతిలోనే చూపించవచ్చు. మరి అన్ని సముద్రాల అడుగూ ఇలాగే తెలిసిందా?

మూడవ జవాబు

లేదండీ. అన్నిటికన్నా పెద్దదైన క్రాకెన్ మారే మీదుగా 2014 ఆగస్టు 21న వెళ్లినప్పుడు, ఉత్తరపు కొసనున్న మోరే సైనస్ అనే అఖాతంలో దాదాపు 85 మీటర్ల లోతు దొరికింది. ప్రధాన భాగంలో మాత్రం రెండవ ప్రతిధ్వని రాలేదు. అక్కడ అడుగు చాలా లోతుగానైనా ఉండాలి, లేదా ద్రవం ఎక్కువగా శోషించేదైనా అయి ఉండాలి. అఖాతంలో కొలిచిన శోషణే అక్కడా ఉందనుకుంటే లోతు వంద మీటర్లకు పైబడి ఉండాలి, మూడు వందలు దాటినా ఆశ్చర్యం లేదు. ఇది లోతు కొలత కాదు, కనీస హద్దు మాత్రమే. పత్రికల్లో ఈ తేడా తరచుగా చెరిగిపోతుంది కనుక విద్యార్థులకు విడిగా చెప్పండి.

కాసిని 2017 ఏప్రిల్ 22న టైటాన్ దగ్గరగా చివరిసారి వెళ్లినప్పుడు ఉత్తరాన ఉన్న చిన్న సరస్సులను కూడా ఇదే పద్ధతిలో కొలిచింది. వాటిలో కొన్ని వంద మీటర్లకు పైగా లోతున్నాయి. ఆ సెప్టెంబరు 15న వ్యోమనౌక శని వాతావరణంలో కలిసిపోయింది కాబట్టి, క్రాకెన్ నడిమధ్య అడుగును వెతికే అవకాశం దానికి మళ్లీ రాలేదు.