50 రోజులు వడ్డీ లేని కార్డు తీసుకోవాలా? కొట్లో ఖాతాయే నయమా?

కిమిడి కుర్రోడు:
ఏడాది రుసుం లేని క్రెడిట్ కార్డు ఇస్తామని బ్యాంకు వాళ్లు వెంటపడుతున్నారు. 50 రోజుల దాకా వడ్డీ ఉండదట. 21 వేలు పెట్టి ఫ్రిజ్ కొనాలి. జీతం 30న పడుతుంది. ఉండేది పర్లాకిమిడి. మనవైపు ఎవరైనా వాడుతున్నారా?

గుణుపురం మాస్టారు:
తీసుకో నాయనా. తొమ్మిదేళ్లుగా వాడుతున్నాను, ఒక్క రూపాయి వడ్డీ కట్టి ఎరగను. బిల్లు మొత్తం గడువులోగా తీర్చెయ్యాలి, అంతే. ఆటో డెబిట్ పెట్టుకునేటప్పుడు 'మొత్తం బాకీ' ఎంచుకో. 'కనీస మొత్తం' అని పక్కనే ఒక చిన్న అంకె ఊరిస్తుంటుంది, దాని జోలికి పోకు.

కొట్టు మామ:
50 రోజులన్నది శుద్ధ అబద్ధం. నాకు వచ్చినవి 21 రోజులే. నేనూ పర్లాకిమిడే, ముప్పై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. లెక్కలు నాకొకరు నేర్పక్కర్లేదు.

గుణుపురం మాస్టారు:
అబద్ధం కాదండీ, తేదీల సంగతి. ప్రతి నెలా 12న బిల్లు, ఆ తర్వాత 20 రోజులకి గడువు అనుకోండి. జూలై 11న కొంటే మర్నాడే బిల్లులో ఎక్కేస్తుంది, ఆగస్టు 1న కట్టాలి. 21 రోజులు. అదే జూలై 13న కొంటే ఆగస్టు 12 బిల్లులోకి వెళ్తుంది, సెప్టెంబరు 1న కట్టొచ్చు. 50 రోజులు. మీరు 11న కొనుంటారు.

కొట్టు మామ:
అదే నేనూ చెప్తున్నాను! అందరికీ 50 కాదు. మరి పెద్దక్షరాల్లో 50 అని ఎందుకు వేస్తున్నట్టు?

బరంపురం పట్టు:
'దాకా' అని కూడా వేస్తారు మామా, చీమ తలకాయంత.

రాయగడ కోడలు:
కుర్రోడా, కార్డు పెట్టి ఏటీఎంలో డబ్బు మాత్రం తీయకు. చాలా కార్డుల్లో దానికి ఒక్క రోజు కూడా మినహాయింపు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ, పైగా రుసుం. నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని నెల వాయిదాలు అన్నా సరే, ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఎంతో అడుగు. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది.

కొట్టు మామ:
50 రోజుల సంగతి తేలలేదు. మాస్టారు మాట మారుస్తున్నారు. 2019లో నాకేటి జరిగిందో వినండి. బిల్లు 18,400. నేను 18,000 కట్టీసేను, నాలుగు వందలే కదా, వచ్చే నెల చూద్దాంలే అని. మర్నెల బిల్లు చూస్తే వడ్డీయే వెయ్యి దాటింది! పైన జీఎస్టీ. నాలుగు వందలకి కాదట, మొత్తం సొమ్ముకి, కొన్న రోజు నుంచీనట. నెలకి మూడున్నర శాతం. నూటికి మూడున్నర చొప్పున వడ్డీకి తిప్పేవాణ్ణి మన ఊళ్లో ఏమని పిలుస్తారో అందరికీ తెలుసు.

గుణుపురం మాస్టారు:
పాపం అనిపిస్తోంది కానీ తప్పు మీదే. మొత్తం కట్టకపోతే ఉచిత గడువు పోతుందని కాగితంలో ఉంటుంది. కొత్తగా కొన్నవాటికీ ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఇప్పుడు కాస్త నయం. 2022 నిబంధనల ప్రకారం గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుం వెయ్యాలి. కార్డు వద్దని అడిగితే, బాకీ లేకుంటే, ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి. లేకపోతే రోజుకి 500 మనకే ఇవ్వాలి. చదువుకుని వాడేవాడికి భయం లేదు.

కొట్టు మామ:
చదువుకోనివాణ్ణని ఎత్తిపొడుస్తున్నారేటి? 2020లో లాక్‌డౌన్‌లో 40 ఇళ్లకి బియ్యం, పప్పు ఇచ్చేను. ఏడు నెలలు ఒక్కర్నీ అడగలేదు, పైసా వడ్డీ రాయలేదు. అప్పుడు మీ కార్డోళ్లు కిస్తీ ఆపేరు గాని వడ్డీ ఆపేరా? ఇప్పుడు ఆ ఇళ్లవాళ్లే నా కొట్టు ముందు నుంచి ఆన్‌లైన్ డబ్బాలు మోసుకుపోతున్నారు, కార్డు మీద పది శాతం తగ్గిందని.

బరంపురం పట్టు:
ఆఁ, ఇదన్నమాట 50 రోజుల గొడవ.

రాయగడ కోడలు:
మామగారూ, మీ మంచితనం కాదనను. నా పుట్టిల్లూ ఆ చుట్టుపక్కలే. నా చిన్నప్పుడు ఒక కొట్లో ఎర్ర అట్ట పుస్తకం తీసి, మా నాన్న బాకీ పదిమంది ముందు పైకి చదివారు. ఆయన చేతిలో ఖాళీ నూనె సీసా. అది పోయించుకోకుండానే ఇంటికొచ్చేశారు. కార్డుకి వడ్డీ ఎక్కువే, నాకూ తెలుసు. అయినా మొన్న విశాఖ ఆసుపత్రిలో అర్ధరాత్రి 35 వేలు కట్టమంటే ఎవరి గుమ్మమూ ఎక్కకుండా కట్టాను. నాకు అదే కావాలి.

కొట్టు మామ:
ఏ కొట్టమ్మా?

రాయగడ కోడలు:
మీది కాదు లెండి. ఆయన పోయి చాలా కాలమైంది.

గుణుపురం మాస్టారు:
కొట్టుగారూ, చదువు మాట పొరపాటు. అయినా 50 రోజులు మాత్రం 50 రోజులే.

కొట్టు మామ:
21.

కిమిడి కుర్రోడు:
గడువు 1వ తేదీ పడేలా బిల్లు తేదీ పెట్టించుకుంటాను, జీతం పడ్డాకే కదా. ఫ్రిజ్ 13న కొంటా. కొట్టు మామా, మీ పుస్తకంలో నావి 640 ఉన్నాయి, రేపు వచ్చి ఇచ్చేస్తాను.

కొట్టు మామ:
640 కాదు, 790. నూనె ప్యాకెట్టు మర్చిపోయేవు.