సమస్య: “పటముఁ జూచి చూచి బాటఁ దప్పె”

నిర్వహణ: ఈసారి ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. పూరణల పైన ఎప్పట్లాగే మీ కలంపేర్లే ఉంటాయి. మాయాలోకాల్లో తిరిగే బాటసారికి పటం ఏ మేరకు అక్కరకొస్తుందో పూరణలో తేలాలి. ఫోన్లో మ్యాప్ పట్టుకుని పొలంలోకి కారు దించిన కథలొద్దు, అవి ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. యతి (పాదంలో కుదరాల్సిన అక్షరమైత్రి) ప-బా. పాదాన్ని కదపకండి.

పాత చందమామ:

రాత్రివేళఁ గొండ రాక్షసుం డెత్తుకు
పోయి వేఱుచోటఁ బూడ్చి పెట్ట
నిన్న గీసినట్టి నిజము నమ్మినవాఁడు
పటముఁ జూచి చూచి బాటఁ దప్పె.

నిర్వహణ: మూడో పాదం బాగా పడింది. “ఎత్తుకుపోయి” వ్యావహారికం, “ఎత్తుకొనిపోయి” అనాలి. అంటే గణాలు చెదురుతాయి, ఈసారికి వదిలేస్తున్నాను.

సెకండ్ షో: నాదొక సందేహం. కొండను ఎత్తుకుపోయాడు సరే, పక్కన పారే ఏరు ఉన్నచోటే ఉంటుంది కదా? పటంలో ఒక్క గుర్తునే నమ్ముకున్నవాడు తప్పిపోతాడు. కిష్కింధకాండలో సుగ్రీవుడు వానరుల్ని నాలుగు దిక్కులకు పంపుతూ ఏ నది, ఏ పర్వతం, ఏ దేశం అని వరసగా చెప్పి, నెల గడువు పెట్టాడు. నోటితో గీసిన పటం అది. మేఘసందేశంలో యక్షుడైతే కాస్త చుట్టయినా సరే ఉజ్జయిని మీదుగా పొమ్మని మేఘానికి చెప్పాడు. గీతల పటం ఆ ముక్క చెప్పగలదా?

లఘువు-గురువు:

ప్రవరుఁడైనఁ బసరు పాదాల రాచికొని
మంచుకొండఁ జేరి మరలలేఁడు
పసరు కరుగు, మంచు పటమును గప్పును
పటముఁ జూచి చూచి బాటఁ దప్పె.

నిర్వహణ: పేరుకు తగ్గట్టు లఘువు దగ్గరే దొరికిపోయారు. “రాచికొని” అంటే గురువు, ఆపైన మూడు లఘువులు. అలాంటి ఇంద్రగణం లేదు. “పాదాలఁ బూయుచు” అంటే భగణంతో (గురువు, రెండు లఘువులు) సరిపోతుంది.

పాలపిట్ట: అంతకన్నా పెద్ద చిక్కుంది. మనుచరిత్రలో ప్రవరుడి చేతిలో పటమెక్కడిది?

లఘువు-గురువు: గణం దిద్దుకున్నాను. పటం సంగతికొస్తే, ఆయనకు సిద్ధుడిచ్చిన ఆ పాదలేపమే, ఆ పసరే, పటం అనుకున్నా.

పాలపిట్ట: కాదండీ, అది పటానికి పూర్తిగా విరుద్ధం. పసరు గమ్యానికి చేర్చింది, మధ్యన దారి అంటూ ఒకటి లేకుండా చేసింది. తన ఊరు అరుణాస్పదపురం నుంచి నడిచి పోయుంటే ఒక ఏరో, ఒక చెట్టో గుర్తుండేది. మంచుకు పసరు కరగగానే వెనక్కి తలుచుకోడానికి అడుగు జాడే లేదు. అందుకే అక్కడ కనబడ్డ వరూధినిని దారి అడగాల్సొచ్చింది. అంతంత కళ్ళుండి దారి ఎవరినో అడగడమేమిటని ఆవిడ ఎగతాళి చేసింది కూడా.

నిర్వహణ: ఈ వ్యాఖ్య పూరణ కన్నా బాగుంది, ఏం చెయ్యను. సమస్యతో మాత్రం అతకలేదు.

పాలపిట్ట: అయితే నాదీ చూడండి.

వెన్నెలందుఁ గాని వెలుఁగని లిపి యుండ
రాత్రి నిద్రవోయి రగ్గుఁ గప్పి
పగటి యెండలోనఁ బరువెత్తు వీరుఁడు
పటముఁ జూచి చూచి బాటఁ దప్పె.

సెకండ్ షో: రగ్గు అదిరింది! ఊహ 1937 నాటి టోల్కీన్ నవల ‘ది హాబిట్’ లోనిది కదూ? అందులో మరీ నేర్పుగా రాసిన చంద్రలిపికి ఉత్త వెన్నెల చాలదు, రాసిననాటి చంద్రకళే, ఆ ఋతువే మళ్ళీ రావాలి. మన పంచాంగం తెలిసినవాడికి ఆ పటం చదవడం చిటికెలో పని.

నిర్వహణ: తిథి మాట పద్యంలోకి రావాలి. రగ్గు తీసేసి చూడండి.

సెకండ్ షో: ఈలోగా నాది.

రాజకన్నె రూపు రంగులఁ జిత్రించి
చేతి కొసఁగి మౌని చెప్పె దారి
దారి మాట మఱచి తరుణుండు తమిఁ జిక్కి
పటముఁ జూచి చూచి బాటఁ దప్పె.

నిర్వహణ: పటమంటే చిత్తరువు అన్న అర్థాన్ని పట్టుకున్నారే! మిగతావాళ్ళు పటం ఎందుకు తప్పిందో వెతికారు, మీరు పటాన్నే మార్చేశారు. సమస్య కూడా మామూలు వాక్యమైపోయింది. ఈ వారం మొదటి స్థానం దీనిదే. “తమిఁ జిక్కి” కోసం రెండుసార్లు చదివాను.

పాత చందమామ: దారి చూపే పటం కోసం సమస్య ఇస్తే, బొమ్మకు బహుమతా?

నిర్వహణ: పటం అన్నాను, ఏ పటమో అన్లేదు.

పాలపిట్ట: నా వెన్నెల పద్యంలో రెండో పాదం మార్చాను: “తిథియు నెలయుఁ జూడఁ దీరికేది!”

లఘువు-గురువు: తి-దీ యతి కుదిరింది, రెండో పాదానికి కావలసినట్టు ఐదూ సూర్యగణాలే. కానీ రగ్గు పోయిందే!