అప్‌డేట్: 'నేనెవరు' రాయించడంలో ఏది కుదిరింది

8వ తరగతి పిల్లలకు 'నేనెవరు' అనే శీర్షిక ఇచ్చి రాయమంటే అందరూ పేరు, ఊరు, నాన్న పనితో ఆపేస్తున్నారు, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను. ఆ శీర్షికే అడ్డు. ముందు 5 నిమిషాలు జాబితా రాయించాలి: ఇంట్లో ఒక వాసన, రోజూ ముట్టుకునే ఒక వస్తువు, ఇంట్లోనే వాడే ఒక మాట. తర్వాత 15 నిమిషాల్లో వాటితోనే 8 పంక్తులు. 'మంచి', 'అందమైన' అనే మాటలు వాడకూడదు.

బోర్డు మీద నమూనా ఉంచితే అందరూ అదే దించేస్తారు. ఒకసారి చదివి చెరిపేయాలి.

'గిట్ల' (ఇలా), 'సద్ది' (చద్ది) అని ఇంటి యాసలో రాస్తే ఎర్రసిరాతో దిద్దకండి, దయచేసి. మొదటి ప్రతిలో వాళ్లింటి గొంతు పలికేది అక్కడే.

ఇంటిపేరు మీద మాత్రం రాయించొద్దు. కులం బయటపడి గదంతా బిగుసుకుపోతుంది. చదివి వినిపించడం కూడా ఇష్టమున్నవాళ్లకే.