రాయబారికి స్పానిష్‌లో ఏ మాట రాయాలి?

చీమకుర్తి కుర్రోడు:
అన్నా, మా ఓనరు ఢిల్లీలో స్పెయిన్ ఎంబసీకి లెటర్ పెట్టమన్నారు, గెలాక్సీ గ్రానైట్ స్లాబుల ఫోటోలు కూడా జత చేస్తన్నాం, డిక్షనరీలో చూస్తే ఎంబహదోర్, ఎన్‌వియాదో, కోన్సుల్ అని మూడు ఉండాయి, పైన ఏది రాయాలో కొంచెం చెప్పండి

నెల్లూరు అక్క:
తమ్ముడూ, ఎంబసీ పెద్దకి ఎంబహదోరే. ఆడమనిషైతే ఎంబహదోరా, పూర్వం ఆ మాట రాయబారి భార్యకి వాడేవాళ్ళు, ఇప్పుడు పదవికే వాడతారు, ధైర్యంగా రాసేయ్. కోన్సుల్ అంటే కాన్సులేట్‌లో ఉండి వీసాలూ వాళ్ళ దేశపోళ్ళ బాగోగులూ చూసే ఆయన, స్పెయిన్‌కి ముంబైలో కాన్సులేట్ ఉండాది. ఎన్‌వియాదో అంటే ఏదో పని అప్పజెప్పి పంపిన దూత, ఇక్కడొద్దు.

కందుకూరు మాస్టారు:
అమ్మాయి చెప్పింది కరెక్టే. ఎన్‌కర్‌గాదో దె నెగోసియోస్ అని కూడా కనపడద్ది, నెగోసియోస్ అంటే వ్యాపారాలు కదా అని ట్రేడ్ ఆఫీసర్ అనుకునేరు, కాదు, రాయబారి లేనప్పుడు ఎంబసీని నడిపే మనిషి, దేశాల మధ్య రాయబార సంబంధాల మీద చేసుకున్న 1961 వియన్నా ఒప్పందంలోనే ఆ హోదా ఉంది. మీది గ్రానైట్ పని గనక నన్నడిగితే ఎంబసీ కమర్షియల్ ఆఫీసులో ఉండే కొన్‌సెహెరో కొమెర్సియాల్‌కే, అంటే వాణిజ్య సలహాదారుకే పెట్టండి.

చీమకుర్తి కుర్రోడు:
మాస్టారూ, అయితే లోపల సెన్యోర్ కొన్‌సెహెరో అని మొదలుపెట్టనా?

కందుకూరు మాస్టారు:
ఆ, పెట్టు నాయనా. ఆడమనిషైతే సెన్యోరా కొన్‌సెహెరా, ముందు ఎవరున్నారో ఎంబసీ వెబ్‌సైట్‌లో చూడు.